యాడికి పోయింది? ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకి ఇంట్లోనే కెమిస్ట్రీ నేర్పే పద్ధతి

"పదార్థం అంటే కొంత స్థలాన్ని ఆక్రమించి, ద్రవ్యరాశి కలిగి ఉండేది." ఏడో తరగతి పిల్లల్ని నిద్రలో లేపి అడిగినా ఈ వాక్యం పొల్లు పోకుండా అప్పజెప్తారు. "అయితే ఈ గదిలో గాలి బరువెంత?" అని అడగండి. గాలికి బరువేంది టీచర్ అని నవ్వుతారు. పొడవు, వెడల్పు, ఎత్తు పదేసి అడుగులున్న మామూలు గదిలో గాలి 30 కిలోల పైనే తూగుతుంది. అంటే 25 కిలోల బియ్యం బస్తా కంటే ఎక్కువ. ఇది చెప్పినాక వాళ్ళ మొహాలు చూడాలి.

నేను కావలిలో సాయంత్రం పూట ట్యూషన్ చెప్తాను. పుట్టిల్లు కనిగిరి వైపు. ఒకటేమో ఉక్కపోతతో చొక్కా ఒంటికి అతుక్కుపోయే ఊరు, ఇంకోటి ఆరేసిన గుడ్డ అరగంటలో పెళపెళలాడే ఊరు. సైన్సు పాఠానికి ఈ తేడా భలే పనికొస్తుంది. ఇదంతా అమ్మానాన్నల కోసం రాస్తున్నాను. మీరు సైన్సు చదవకపోయినా పర్లేదు, వంట వస్తే చాలు. వంట రాని నాన్నలు కూడా ఈ వంకతో వంటింట్లోకి రావచ్చు.

పద్ధతి ఒకటే. నిర్వచనం చివర్న చెప్పాలి. ముందు పిల్లల కళ్ళెదుట ఏదో ఒకటి మాయమయ్యేట్టు చేసి "యాడికి పోయింది?" అని అడగాలి. నీళ్ళలో ఉప్పు కనపడకుండా పోయింది, యాడికి పోయింది? పొయ్యి మండుతానే ఉంది, గిన్నెలో నీళ్ళు మాత్రం 100 డిగ్రీలు దాటట్లేదు, ఆ వేడంతా యాడికి పోతోంది? పదార్థమైనా వేడైనా ఉత్తినే మాయం కాదు. చోటు మారుతుంది, రూపు మారుతుంది. పదార్థం, మూలకాలు, ఉష్ణం అని పుస్తకంలో మూడు పాఠాలుగా విడగొట్టారు గానీ మూడింట్లోనూ పిల్లలు తడబడేది ఇక్కడే.

సామాను పెద్దగా ఏమీ అక్కర్లేదు. ఒక గ్రాము దాకా చూపించే వంటింటి త్రాసు, మెడికల్ షాపులో సూది లేకుండా అడిగి తెచ్చుకున్న సిరంజి, 110 డిగ్రీల దాకా గీతలున్న ల్యాబ్ థర్మామీటరు. థర్మామీటరు రెండుంటే ఇంకా మేలు. జ్వరం చూసేది మాత్రం వేడినీళ్ళలో పెట్టనివ్వద్దు. దాని కొలత 42 దగ్గరే ఆగిపోతుంది, పాత గాజుదైతే పగిలి పాదరసం బయటికొస్తుంది. అది విషం.

ఉప్పుతో మొదలు

త్రాసు మీద గాజు గ్లాసు పెట్టి, సున్నా చేసి, 200 గ్రాముల నీళ్ళు పోయండి. నీటిమట్టం దగ్గర స్కెచ్ పెన్నుతో గీత గీయించండి. 50 గ్రాముల రాళ్ళుప్పు విడిగా తూచి పక్కన పెట్టండి. ప్యాకెట్ మెత్తటి ఉప్పు వద్దు. అది గడ్డకట్టకుండా ఏదో ఒక పొడి కలుపుతారు, నీళ్ళు తెల్లగా మసకబారతాయి.

కలిపే ముందే జవాబు కాగితం మీద రాయించండి: ఉప్పంతా కరిగినాక త్రాసు ఎంత చూపిస్తుంది? నోటితో చెప్పిస్తే లాభం లేదు. ఫలితం చూసినాక "నేనూ అదే అనుకున్నా" అనని పిల్లలు ఉండరు. నా దగ్గర ప్రతి బ్యాచిలోనూ 200 అని రాసేవాళ్ళుంటారు. కరిగిపోయింది కాబట్టి బరువుండదని వాళ్ళ లెక్క. త్రాసు 250 చూపిస్తుంది. ఒక్క గ్రాము కూడా యాడికీ పోలేదు.

ఇప్పుడు గీత చూపించండి. నీటిమట్టం లేచింది గానీ, పొడి ఉప్పుని కొలగ్లాసులో పోస్తే ఎంత చోటు పట్టిందో అంత లేవదు. 50 గ్రాముల ఉప్పుకి సుమారు 18 మిల్లీలీటర్లే పెరుగుతుంది. రాళ్ళుప్పు గింజల సందుల్లో ఉన్న గాలి బయటికి పోయింది, ఉప్పు రేణువులు నీటి రేణువుల మధ్య సర్దుకున్నాయి. పదార్థం కంటికి కనపడనంత చిన్న రేణువులతో తయారైందనే మాట ఇక్కడ చెప్తే దిగుతుంది. మొదటి రోజే బోర్డు మీద గుండ్రాలు గీసి చెప్తే అది బొమ్మగానే మిగిలిపోతుంది.

ఉప్పు వేస్తానే ఉండండి. 72 గ్రాముల దగ్గర్లో ఇంక కరగడం ఆగిపోతుంది. మామూలు వేడిలో 100 గ్రాముల నీళ్ళు 36 గ్రాముల ఉప్పునే పట్టుకోగలవు. దాన్నే పుస్తకంలో సంతృప్త ద్రావణం అన్నారు.

ఆ నీళ్ళని స్టీలు పళ్ళెంలో పల్చగా పోసి, పైన పాత పంచె గుడ్డ కట్టి మిద్దె మీద పెట్టండి. ఇంకో పళ్ళెం ఇంట్లో నీడన, ఎవరూ కదపని చోట పెట్టండి. ఎండలో ఆరినదాంట్లో సన్నటి గింజ, నీడలో నిదానంగా ఆరినదాంట్లో పెద్ద చదరపు గళ్ళు వస్తాయి. ఫోన్ కెమెరాలో దగ్గరగా లాగి చూస్తే అంచులు స్కేలు పెట్టి కోసినట్టుంటాయి. రేణువులకి వరసగా సర్దుకునే టైము ఎంత దొరికితే స్ఫటికం అంత పెరుగుతుంది. రెండు పళ్ళేల్లో ఆరిన ఉప్పునీ గీకి, కలిపి తూచండి. మీరు వేసినదానికి దగ్గర్లోనే వస్తుంది, పళ్ళేనికి అంటుకున్నది పోను.

వీలైతే ఒక ఆదివారం ఇసకపల్లి ఉప్పు మడుల వైపు తీసుకెళ్ళండి. లీటరు సముద్రపు నీళ్ళలో 35 గ్రాముల దాకా లవణాలుంటాయి, అందులో మనం తినే ఉప్పు ముప్పాతిక పైచిలుకు. మిగతావి వేరే. మడి నుంచి మడికి నీళ్ళు మారుస్తా ఎండకి చిక్కబరుస్తారు. ముందు జిప్సం అడుక్కి దిగుతుంది. నీళ్ళు మొదటున్నదాంట్లో పదో వంతుకి వచ్చేసరికి ఉప్పు గింజ కడుతుంది. మెగ్నీషియం లవణాలు చివరి నీళ్ళలోనే ఉండిపోతాయి. ఆ నీళ్ళు చేదు. ఈ చేదు సంగతి నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు, ఉప్పు పనికి పోయే వాళ్ళ పిల్ల ఒకతె నా దగ్గర చదివేది, ఆమె చెప్పింది. వాళ్ళ నాన్న మడిలో వేలు ముంచి నాలిక కొసకి రాసుకుని, మొహం చిట్లించి, నీళ్ళు తోసెయ్యమనేవాడంట. తోసెయ్యకుండా మొత్తం ఇంకబెడితే ఉప్పు చేదెక్కడమే కాదు, గాలిలో తేమ పీల్చి బస్తాలోనే చెమ్మగిల్లుతుంది. ఒకే ఎండ, ఒకే నీళ్ళు, కానీ ఒక్కో లవణం ఒక్కో చోట దిగుతుంది. మిశ్రమాన్ని వేరుచేయడం అనే పాఠానికి ఇంతకంటే పెద్ద ప్రయోగశాల మన జిల్లాలో లేదు.

అక్కడ నీళ్ళలో గాజు గొట్టం తేలేసి "ఇన్ని డిగ్రీలు" అంటారు. 25 డిగ్రీల దగ్గర ఉప్పు కడుతుంది. పిల్లలు అది వేడి అనుకుంటారు. కాదు, నీళ్ళ చిక్కదనం. ఇంట్లో ఇదే పని కోడిగుడ్డు చేస్తుంది: మంచినీళ్ళలో తాజా గుడ్డు మునుగుతుంది, లీటరుకి 120 నుంచి 150 గ్రాముల ఉప్పు వేసేసరికి తేలుతుంది.

ఇక పళ్ళెంలో నీళ్ళు. ఉప్పు దొరికింది సరే, నీళ్ళు యాడికి పోయినాయి? "ఆవిరైపోయినాయి" అని వెంటనే అంటారు, పుస్తకం మాట అది. గాలిలో ఉంటే చూపించమనండి. స్టీలు గ్లాసులో ఐసు ముక్కలేసి, బయట పొడిగుడ్డతో తుడిచి త్రాసు మీద పెట్టండి. కావలిలో అయితే పది నిమిషాలు తిరక్కుండానే చుక్కలు కారతాయి, అంకె మెల్లగా పైకెక్కుతుంది. "గ్లాసు కారుతోంది టీచర్" అని ఎవరో ఒకరు అంటారు. మంచి అనుమానమే, కొట్టిపారెయ్యద్దు. లోపల బీట్‌రూట్ రసం కలపండి. బయట చుక్కలు తెల్లగానే ఉంటాయి. కారితే త్రాసు మీద బరువెందుకు పెరుగుతుంది అని కూడా అడగండి.

సిరంజి, కర్పూరం సంగతి త్వరగా ముగించొచ్చు. సిరంజిలో గాలి పట్టి మూతి వేలితో మూసి నొక్కితే లోపలికి పోతుంది, వదిలితే వెనక్కొస్తుంది. నీళ్ళు పట్టి నొక్కితే కదలదు. గాలిలో రేణువుల మధ్య ఖాళీ చాలా ఉంది, నీళ్ళలో బాగా తక్కువ. కర్పూరం బిళ్ళ ఒకటి తెరిచిన మూతలో పెట్టి మర్చిపోండి. తడి లేకుండా, నీరు కాకుండా అట్టే తరిగి సన్నబడుతుంది. ఘనం నేరుగా వాయువు కావడం అదే, ఉత్పతనం. దాన్ని వేడి చేసి చూపించే పని పెట్టుకోవద్దు, గభాల్న అంటుకుంటుంది.

మూలకాల దగ్గర

పిల్లల చేత 118 మూలకాల పేర్లూ బట్టీ పట్టించి, పాటలాగా పాడించే చోట్లున్నాయి. చూడ్డానికి ముచ్చటే, కానీ ఆ పాట పాడే పిల్లే ఇత్తడి మూలకం అంటుంది. ఈ వయసుకి ఇరవై మూలకాలు చాలు, అవీ చేత్తో పట్టుకుని చూసినవైతేనే.

వరండాలో చాక్‌పీసుతో మూడు గడులు గీయండి: మూలకం, సంయోగ పదార్థం, మిశ్రమం. ఇల్లంతా తిరిగి వస్తువులు తెచ్చి గడుల్లో పెట్టమనండి. వైరు తోలు ఒలిచిన రాగి తీగ, అల్యూమినియం రేకు, తోటలకి చల్లే గంధకం పొడి, పంచదార, తినే సోడా, పాలు, పనికిరాని ఇత్తడి తాళం, పెన్సిల్. ఉలవపాడు వైపు మామిడితోట ఉన్న ఇంటి పిల్లలకి గంధకం కొత్త కాదు, బూడిద తెగులుకి కొడతారు. గొడవలు ఇత్తడి దగ్గరా, బంగారం దగ్గరా వస్తాయి. 22 క్యారెట్ల బంగారంలో బంగారం 91.6 శాతమే, మిగతాది రాగో వెండో. కాబట్టి అమ్మ గాజు మూడో గడిలోకి పోవాలి. అమ్మలు ఒప్పుకోరు, అది వేరే విషయం. ఇక పెన్సిల్ ములుకు సీసం కాదు, గ్రాఫైటూ బంకమట్టీ కలిపింది.

తగువు తీర్చడానికి ఒక్క ప్రశ్న: పాళ్ళు మనిష్టమొచ్చినట్టు మార్చొచ్చా? మార్చగలిగితే మిశ్రమం, కుదరకపోతే సంయోగ పదార్థం. ఇత్తడిలో రాగి ఎక్కువేసినా జింకు ఎక్కువేసినా ఇత్తడే. నీళ్ళలో అట్టా కుదరదు. ఏ బావి నీళ్ళైనా, ఏ మేఘం నీళ్ళైనా హైడ్రోజన్ ఒక పాలు బరువుంటే ఆక్సిజన్ ఎనిమిది పాళ్ళు. గూడూరు, సైదాపురం గనుల అభ్రకం ముక్క మీ ఇంట్లో ఉంటే అదీ పెట్టండి. పాత ఇస్త్రీ పెట్టె విప్పితే వేడి తీగని చుట్టిన పల్చటి పలకలు కనపడతాయి, అవే. అందులో పొటాషియం, అల్యూమినియం, సిలికాన్, ఆక్సిజన్, హైడ్రోజన్ కలిసి ఒకే కట్టుబాటులో ఉంటాయి.

మూలకం ఒంటరిగా ఉన్నప్పటి గుణం, వేరేదాంతో కలిసినాక ఉండదు. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. సోడియం నీళ్ళలో వేస్తే భగ్గుమనే లోహం, క్లోరిన్ విషవాయువు, రెండూ కలిస్తే మజ్జిగలో వేసుకునే ఉప్పు. మా పుట్టింటి వైపు ఇంకో ఉదాహరణ ఉంది, పిల్లలకి అదే బాగా తగులుతుంది: ఫ్లోరైడు. ఫ్లోరిన్ మూలకంగా ఉంటే లేతపసుపు రంగు వాయువు, దేన్నైనా పట్టి కొరికేస్తుంది. రాళ్ళలోని ఖనిజాల నుంచి కరిగి బోరు నీళ్ళలోకి వచ్చేది అది కాదు, ఫ్లోరైడు. రంగు లేదు, వాసన లేదు. లీటరుకి 1 మిల్లీగ్రాము లోపుంటే మంచిది, వేరే దారి లేనప్పుడు 1.5 దాకా ఒప్పుకోవచ్చని మన దేశపు తాగునీటి ప్రమాణం. కనిగిరి చుట్టుపక్కల ఏళ్ళ తరబడి అంతకు మించి ఉన్న బోరునీళ్ళు తాగి పళ్ళ మీద గోధుమరంగు చారలు, వంగని మోకాళ్ళు తెచ్చుకున్నవాళ్ళని చూస్తా పెరిగాను.

"కాచి తాగితే పోదా టీచర్?" అని తప్పకుండా అడుగుతారు. లెక్క వాళ్ళ చేతే చేయించండి. లీటరు నీళ్ళలో 3 మిల్లీగ్రాములుంది. మరిగించి అర లీటరు చేశాం. నీళ్ళు ఆవిరై పోయినాయి, ఫ్లోరైడు? పోలేదు, ఉప్పు పళ్ళెంలో ఉప్పు మిగిలినట్టే అదీ మిగిలింది. ఇప్పుడు లీటరుకి 6 మిల్లీగ్రాముల లెక్క పడింది. కాచితే క్రిములు చస్తాయి, ఎందుకంటే అవి ప్రాణులు. మూలకాన్ని చంపడం పొయ్యి వల్ల కాదు. వేరే దేనికైనా పట్టించి బయటికి లాగాలి. పటికా సున్నమూ వేసి మడ్డిగా దించే నల్గొండ పద్ధతి అందుకే వచ్చింది, ఆర్వో ప్లాంటులో పొర గుండా నీళ్ళని తోసేదీ అందుకే.

గాలిలో ఆక్సిజన్ ఉందని చూపించడానికి అందరూ చేసే కొవ్వొత్తి ప్రయోగం ఒకటుంది: పళ్ళెంలో నీళ్ళు, మధ్యలో కొవ్వొత్తి, పైన గ్లాసు బోర్లిస్తే ఆరిపోయి నీళ్ళు పైకెక్కుతాయి, ఆక్సిజన్ అయిపోయింది కాబట్టి ఎక్కినాయి అంటారు. దయచేసి చేయించొద్దు. అందులో ఎక్కువ భాగం, వేడికి ఉబ్బిన గాలి మళ్ళీ చల్లబడి ముడుచుకోవడమే. ఆక్సిజన్ పూర్తిగా అయిపోకముందే కొవ్వొత్తి ఆరిపోతుంది. నీళ్ళు ఎంత ఎక్కేదీ గ్లాసు ఎంత తొందరగా బోర్లించారన్న దాన్ని బట్టి మారుతుంది.

దాని బదులు తుప్పు పట్టించండి. హార్డ్‌వేర్ షాపులో రంగు గీకడానికి అమ్మే ఇనుప పీచు తెండి. గిన్నెలు తోమే మెరిసే స్క్రబ్బరు పనికిరాదు, అది తుప్పు పట్టని స్టీలు. పీచుని వెనిగర్‌లో కాసేపు నానబెట్టి, విదిలించి, పొడుగాటి గాజు గ్లాసు అడుగున ఊడిపోకుండా ఇరికించండి. గ్లాసుని నీళ్ళున్న పళ్ళెంలో బోర్లించి, మట్టం దగ్గర గీత పెట్టి వదిలేయండి. మంట లేదు, వేడి లేదు. మర్నాటికో ఆ మర్నాటికో నీళ్ళు గ్లాసు ఎత్తులో ఐదో వంతు దాకా ఎక్కి ఆగుతాయి. ఇంకో రోజు ఉంచినా కదలవు. స్కేలుతో కొలిపించండి. ఆ ఐదో వంతు గాలి యాడికి పోయింది? పీచు తీసి చూస్తే ఎర్రగా ఉంటుంది. ఆక్సిజన్ ఇనుముతో కలిసి తుప్పై కూర్చుంది. గాలిలో ఆక్సిజన్ 21 శాతం అని పుస్తకం చెప్పేది ఈ ఐదో వంతే. మిగిలిందాంట్లో ఎక్కువ భాగం నైట్రోజన్, అది ఇనుము జోలికి రాదు.

నీళ్ళని విడగొట్టే ప్రయోగం 9 వోల్టుల బ్యాటరీతో అవుతుంది. రెండు పెన్సిళ్ళు రెండు కొసలా చెక్కి, ఒక కొస బ్యాటరీకి తీగతో కలిపి, రెండో కొస తినే సోడా కలిపిన నీళ్ళలో ముంచండి. ఒక పెన్సిల్ దగ్గర బుడగలు ఎక్కువ, అది హైడ్రోజన్. రెండో దాని దగ్గర దాదాపు సగం, అది ఆక్సిజన్. సోడా బదులు ఉప్పు వేయనివ్వద్దు, క్లోరిన్ వస్తుంది. చెప్పాల్సొచ్చింది కాబట్టి ఇంకోటి: బాత్రూము కడిగే యాసిడ్‌నీ బ్లీచింగ్ పౌడర్‌నీ ఎప్పుడూ కలపకూడదు, అప్పుడు వచ్చేదీ అదే వాయువు. ఇది పిల్లలకే కాదు, ఇంట్లో అందరికీ.

వేడి

ఉష్ణం వేరు, ఉష్ణోగ్రత వేరు. కాకరపువ్వొత్తి నుంచి రాలే రవ్వ వెయ్యి డిగ్రీలకి అటూఇటూ ఉంటుంది, చేతి మీద పడ్డా చురుక్కుమని ఊరుకుంటుంది. చెంబెడు మరిగే నీళ్ళు 100 డిగ్రీలే, ఒళ్ళు బొబ్బలెక్కుతుంది. రవ్వలో పదార్థం ఇసుమంత, కాబట్టి అది మోసుకొచ్చే వేడీ ఇసుమంతే.

స్నానం నీళ్ళతో లెక్క చేయించండి. 28 డిగ్రీల చల్లనీళ్ళు 3 లీటర్లు, మరిగే నీళ్ళు 1 లీటరు. కలిపితే ఎంత? మూడు ఇరవైఎనిమిదులు 84, దానికి 100 కలిపి నాలుగుతో భాగిస్తే 46. థర్మామీటరు పెడితే 46 రాదు, రెండు మూడు డిగ్రీలు తక్కువే వస్తుంది. తప్పెక్కడుందో వెతకమనండి. బకెట్ కొంత తీసుకుంది, పోసేటప్పుడు గాలికి కొంత పోయింది. ఇత్తడి గంగాళంలో ఒకసారి, ప్లాస్టిక్ బకెట్లో ఒకసారి చేసి పోల్చండి. మరిగే నీళ్ళు పోసే పని మాత్రం పెద్దవాళ్ళదే.

తర్వాత ఐసు. గిన్నెలో ఐసు ముక్కలూ కాసిని నీళ్ళూ వేసి, సన్నమంట మీద కలుపుతా థర్మామీటరు చూడండి. ఐసు ఉన్నంతసేపూ సున్నా దగ్గరే ఉంటుంది. మంట మండుతోంది, వేడి లోపలికి పోతోంది, అంకె కదలదు. ఆ వేడి రేణువుల పట్టు విడిపించడానికే ఖర్చవుతోంది. కిలో ఐసుని కరిగించడానికి పట్టే వేడితో, కరిగిన ఆ నీళ్ళనే సున్నా నుంచి 80 డిగ్రీల దాకా కాగబెట్టొచ్చు. మరిగేటప్పుడూ ఇదే తంతు. అందుకే అన్నం ఎసరు తెర్లినాక మంట పెద్దది పెట్టినా అన్నం తొందరగా ఉడకదు, గ్యాసు దండగ. కుక్కర్ సంగతి వేరు, లోపల ఒత్తిడి పెరిగి నీళ్ళు 120 డిగ్రీల దాకా పోయినాకే మరుగుతాయి.

ఉష్ణవహనానికి, అంటే రేణువు నుంచి రేణువుకి వేడి పాకడానికి, గరిటెలు చాలు. స్టీలుది, అల్యూమినియంది, ఉదయగిరి చెక్కది, మూడూ ఒకే పొడుగువి. మూడింటి పై కొసల్లో పేరుకున్న నెయ్యితో పెసరగింజ అతికించి వేడినీళ్ళ గిన్నెలో నిలబెట్టండి. అల్యూమినియం గింజ ముందు జారుతుంది, స్టీలుది చాలాసేపటికి, చెక్కది ఉంటుంది. స్టీలు లోహమే కదా ఎందుకింత మొద్దు అని అడుగుతారు. మన వంటింటి స్టీలు కంటే అల్యూమినియం పదిహేను రెట్లు దాకా బాగా వేడిని పంపిస్తుంది. స్టీలు గిన్నెలో మంట తగిలిన చోటే కాలి, పక్కకి పాకక, పాలు అక్కడే అడుగంటుతాయి. అడుగున రాగి పూత వేసేది ఆ వేడిని పక్కలకి పరవడానికి. రేణువులు కదిలి పోకుండా వేడి ఎట్టా పోతుందంటే, మిద్దె మీదికి ఇటుకలు అందించే కూలీల వరసని చూపిస్తాను. మనిషి నిలబడ్డచోటే ఉంటాడు, ఇటుక మాత్రం పైకి చేరుతుంది.

చేపల పులుసు మట్టి దాకలో ఎందుకు పెడతారో కూడా ఇక్కడే చెప్పేయొచ్చు. మట్టి వేడిని నిదానంగా తీసుకుంటుంది, నిదానంగా వదులుతుంది, దించినాక కూడా పులుసు కుతకుతమంటానే ఉంటుంది. పైగా చింతపండు పులుపుకి అల్యూమినియం కరుగుతుంది, మట్టి కరగదు.

ఉష్ణసంవహనం అంటే పదార్థమే కదిలి వేడిని మోసుకుపోవడం. దానికి బీట్‌రూట్ రసాన్ని ఐసు గడ్డ కట్టించి, గోరువెచ్చని నీళ్ళున్న గాజు గ్లాసులో వేయండి. ఎర్రటి తీగలు కిందికి దిగుతాయి. చల్లనిది బరువెక్కి దిగుతోంది, వెచ్చనిది లేచి ఆ చోటు ఇస్తోంది. ఇదే పెద్ద ఎత్తున జరిగేది సముద్రం ఒడ్డున. మైపాడులోనో తుమ్మలపెంటలోనో మే నెల మధ్యాహ్నం ఇసకలో చెప్పుల్లేకుండా నాలుగడుగులు వేయలేం, నీళ్ళు మాత్రం హాయిగా ఉంటాయి. ఒకే ఎండ ఇద్దరికీ. కిలో ఇసకని ఒక డిగ్రీ వేడెక్కించే దాంతో పోలిస్తే కిలో నీళ్ళకి ఐదు రెట్ల దాకా వేడి కావాలి. పైగా ఇసకలో పైపొరే కాలుతుంది, అరచెయ్యి లోతు తవ్వి చూపించండి, చల్లగా తగులుతుంది. కాలిన నేల మీది గాలి లేస్తుంది, సముద్రం మీది గాలి ఆ చోటికి వస్తుంది. రాత్రి నేల ముందు చల్లారుతుంది, గాలి తిరగబడుతుంది. తెరచాపల కాలంలో బెస్తవాళ్ళు తెల్లవారుజామున పోయి మధ్యాహ్నం తిరిగొచ్చింది ఈ లెక్క మీదే.

కుండ దగ్గర నేను ఎక్కువసేపు ఆగుతాను. రెండు థర్మామీటర్లు తీసుకోండి. ఒకదాని బల్బుకి తడి గుడ్డ పీలిక చుట్టి, రెండూ ఫ్యాను కింద పెట్టండి. పొడిది కదలదు. ఫ్యాను గదిని చల్లబరచదని మొదటిసారి తెలుస్తుంది, నమ్మరు కూడా. తడిది దిగుతుంది. నీళ్ళు ఆవిరి కావడానికి కావాల్సిన వేడిని పక్కనున్న దాంట్లోంచే లాక్కుంటాయి. బయటి నుంచి వేడి రాకపోతే, లీటరు నీళ్ళలో 10 గ్రాములు ఆవిరైతే చాలు, మిగతా నీళ్ళు 6 డిగ్రీల దాకా దిగుతాయి. కుండ చేసేదీ, చెమట చేసేదీ ఇదే. కుండ గోడకి సన్నటి సందులుండాలి, అందుకే కొత్త కుండ బాగా చల్లబరుస్తుంది, పాచి పట్టి సందులు పూడుకున్నది చల్లబరచదు.

ఇప్పుడు అదే ప్రయోగం సెలవుల్లో మా పుట్టింటికి పోయినప్పుడు చేస్తే తడి థర్మామీటరు ఇంకా చాలా దిగువకి పోతుంది. కనిగిరి, పొదిలి వైపు ఎండ కావలి కంటే మండిపోతుంది గానీ గాలి పొడి. ఆవిరికి చోటుంది. అక్కడ కుండనీళ్ళు పళ్ళు జివ్వుమనేంత చల్లగా ఉంటాయి. కావలి గాలిలో ముందే తేమ నిండి ఉంటుంది, చెమట ఆరదు, కుండ కూడా అంతంత మాత్రమే. ఎండ తక్కువైనా మనకి ఉక్కపోతగా ఉండడం ఇందుకే. సెల్ఫోన్లో రెండు ఊళ్ళ ఉష్ణోగ్రతా, తేమ శాతమూ రాసుకుని, రెండు చోట్లా తడీ పొడీ తేడా ఎంతొచ్చిందో పట్టిక వేయించండి. చుట్టాలింటికి ఫోన్ చేసి చేయించినా సరే.

వికిరణానికి, అంటే మధ్యలో పదార్థం లేకపోయినా వేడి వచ్చే పద్ధతికి, రెండు ఒకేలాంటి టిన్నులు. ఒకదానికి దీపం మసి పట్టించి, రెండోది మెరిసేట్టు తోమి, సమానంగా నీళ్ళు పోసి ఎండలో పెట్టండి. నల్లది ముందు వేడెక్కుతుంది. తర్వాత రెండింట్లోనూ ఒకే వేడి నీళ్ళు పోసి నీడలో పెట్టండి. నల్లదే ముందు చల్లారుతుంది. ఈ రెండో సగం చేయించడం మర్చిపోతారు, నలుపు వేడిని "దాచుకుంటుంది" అని పిల్లల బుర్రలో పడిపోతుంది. సూర్యుడికీ మనకీ మధ్య 15 కోట్ల కిలోమీటర్లు, దాదాపు అంతా ఖాళీ. తాకడానికి పదార్థం లేని చోట వహనమూ లేదు, సంవహనమూ లేదు. ఆ వేడి 8 నిమిషాల పైచిలుకులో మన మిద్దె మీద పడుతోంది. శ్రీహరికోట నుంచి పోయే ఉపగ్రహాలకి బంగారు రంగు రేకు చుట్టి కనపడేదీ ఈ వికిరణాన్ని తిప్పికొట్టడానికే.

ఏది ఎప్పుడు చేయాలో కూడా చూసుకోండి. ఉప్పు ఆరబెట్టడం, టిన్నుల పని ఫిబ్రవరి నుంచి మే లోపు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకి వానలూ తుఫాన్లూ, పళ్ళెం మిద్దె మీద పెడితే నీళ్ళు పెరుగుతాయే గానీ తగ్గవు. ఇనుప పీచు ఆ రోజుల్లో చేసుకోండి, అది ఇంట్లో పని. తడి పొడి థర్మామీటర్లు మేలో ఒకసారి, నవంబరు ముసురులో ఒకసారి పెట్టండి. ముసురు రోజున రెండూ ఇంచుమించు ఒకే అంకె చూపిస్తాయి.